స్థూలకాయానికి శస్త్రచికిత్స - ఎవరికి? ఎందుకు? ఎంతవరకు?

(మూడవ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి, అల్లూరు)

"లంఖణం పరమౌషధం" అన్నారు మన పెద్దలు. జ్వరమొచ్చినా, అజీర్తి చేసినా, ఒళ్ళు బరువెక్కినా మన ఇళ్ళల్లో మొదట వినిపించే మందు ఇదే. రెండు పూటలు మానేస్తే అజీర్తి తగ్గవచ్చు. కాని ఏళ్ళ తరబడి పెరిగిన ముప్ఫై, నలభై కిలోల అదనపు బరువు లంఖణంతో తగ్గుతుందా? తగ్గినా నిలుస్తుందా? నిలవకపోతే కడుపు కోసి చిన్నది చేయటం సబబేనా?

ఈ ప్రశ్నలు ఒకప్పుడు అమెరికా వాళ్ళవి, తరువాత బొంబాయి, మదరాసు వాళ్ళవి. ఇప్పుడు మా అల్లూరు వాళ్ళవి కూడా. "బరువు తగ్గించే ఆపరేషన్" అనే మాట మా ఊరి టీకొట్టు దాకా వచ్చింది. వచ్చిన మాట సరిగ్గా రాలేదు. కొందరు దాన్ని కొవ్వు కోసి తీసేయటం అనుకుంటారు. కొందరు డబ్బున్నవాళ్ళ సోకు అంటారు. కొందరు ప్రాణం పోతుందని భయపడతారు. నిజం ఈ మూడింటికీ దూరంగానే ఉంది. ఆ నిజాన్ని నేను చదివి తెలుసుకున్నంతలో తోటి విద్యార్థుల ముందుంచటమే ఈ వ్యాసం ఉద్దేశం.

పొలం మారింది, పళ్ళెం మారింది

మన జిల్లాకు వరికీ ఉన్న సంబంధం అందరికీ తెలిసిందే. నెల్లూరు మొలకొలుకులు అంటే పాతతరం వాళ్ళు ఇప్పటికీ లొట్టలు వేస్తారు. అయితే ఆనాడు వరన్నం తిన్న ఒంటికి పనీ అంతే ఉండేది. ఎద్దులతో దున్నటం, గట్లు చెక్కటం, కోత, కుప్ప, నూర్పు - తిన్నదంతా సాయంకాలానికి కరిగిపోయేది. ఇప్పుడు దున్నేది ట్రాక్టరు, కోసేది యంత్రం. గట్టు దాకా పోయేది మోటారు సైకిల్. పని తగ్గింది గాని పళ్ళెంలో అన్నం తగ్గలేదు. పైగా పొద్దున చద్దన్నం పోయి నూనె దోసెలూ, సాయంకాలం బజ్జీలూ, బేకరీ సరుకూ వచ్చి చేరాయి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. అది పేదవాడి ఆకలి తీర్చిన మంచి పథకం, అందులో సందేహం లేదు. కాని మెట్ట ప్రాంతాల్లో రాగి, జొన్న, సజ్జ వెనకబడి తెల్లబియ్యం ఒక్కటే పళ్ళెమంతా ఆక్రమించటం కూడా ఆ దశాబ్దాల్లోనే జరిగింది.

ఫలితం లెక్కల్లో కనిపిస్తోంది. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి సుమారు 36 మంది, పురుషులలో సుమారు 31 మంది ఉండవలసినదానికన్నా ఎక్కువ బరువున్నారు. దేశం మొత్తం మీద చూస్తే స్త్రీలలో 24, పురుషులలో 23 మాత్రమే. అదే సర్వేలో మన రాష్ట్రంలో నూటికి సుమారు 15 మంది స్త్రీలు ఉండవలసినదానికన్నా సన్నగా కూడా ఉన్నారు. ఒకే ఊళ్ళో, ఒక్కొక్కసారి ఒకే ఇంట్లో, రెండు రకాల జబ్బులూ ఉన్నాయన్న మాట. చరకసంహితలో ఎనిమిది రకాల నిందిత శరీరాలను చెప్తూ అతిస్థూలుణ్ణీ, అతికృశుణ్ణీ పక్కపక్కనే చెప్పారు. ఇద్దరిలో స్థూలకాయుడికి చికిత్స చేయటమే కష్టమని కూడా అందులో ఉంది. ఎందుకు కష్టమో తెలుసుకోవటానికి మాత్రం మనకు చాలా శతాబ్దాలు పట్టింది.

లావును కొలవటం ఎలా?

"కాస్త ఒళ్ళు చేశాడు" అనేది మన వైపు మెచ్చుకోలు. శాస్త్రానికి మెచ్చుకోలు చాలదు, కొలత కావాలి. బరువును కిలోల్లో తీసుకొని, ఎత్తును మీటర్లలో తీసుకొని, ఆ ఎత్తును ఎత్తుతోనే గుణించి, వచ్చినదానితో బరువును భాగించాలి. దీన్ని బి.యం.ఐ. అంటారు. ఉదాహరణకు 1.60 మీటర్ల ఎత్తూ 90 కిలోల బరువూ ఉన్న మనిషి బి.యం.ఐ. 90ని 2.56తో భాగిస్తే వచ్చే 35.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 25 దాటితే అధిక బరువు, 30 దాటితే స్థూలకాయం. కాని మన దేశపు వైద్యులు 2009లో కూర్చుని, మనవాళ్ళకు ఆ లెక్క పనికిరాదనీ, 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అనీ తేల్చారు. నడుము కొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదన్నారు.

ఇంత తేడా ఎందుకు? దీనికి ఒక మంచి ఉదాహరణ ఉంది. పూనాకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండనుకు చెందిన డాక్టర్ యుడ్కిన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 2004లో 'లాన్సెట్' పత్రికలో తమ సొంత ఫోటో వేసి, కింద తమ కొలతలు ప్రకటించారు. ఇద్దరి బి.యం.ఐ. సరిగ్గా 22.3. కాని ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు నూటికి 9 వంతులు, యాజ్ఞిక్‌కు 21 వంతులు! చూడటానికి ఇద్దరూ సన్ననివాళ్ళే. మన భారతీయుల కొవ్వు చేతులకూ కాళ్ళకూ పట్టకుండా పొట్టలో, కాలేయం చుట్టూ చేరుతుంది. అందుకే మనలో చిన్న బొజ్జకే పెద్ద షుగర్ వ్యాధి వస్తుంది.

లంఖణం ఎందుకు చాలదు?

"తిండి తగ్గించుకోలేవా? నోరు కట్టుకోలేవా?" - లావుగా ఉన్నవాళ్ళు జీవితంలో ఎక్కువసార్లు వినే మాట ఇదే. అనేవాడికి అది సలహా, వినేవాడికి అవమానం. శాస్త్రం ఈ విషయంలో వినేవాడి పక్షాన నిలిచింది.

మన ఒంట్లో ఆకలిని నడిపే రసాయనాలు చాలా ఉన్నాయి. జీర్ణాశయం పైభాగంలో తయారయ్యే గ్రెలిన్ అనే హార్మోను "ఆకలి, ఆకలి" అని మెదడుకు కబురు పంపుతుంది. దీన్ని 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. చిన్నప్రేగు చివరి భాగంలో తయారయ్యే జి.యల్.పి.-1, పి.వై.వై. అనే హార్మోన్లు "చాలు, ఇక ఆపు" అంటాయి. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ "నిల్వలు నిండుగా ఉన్నాయి" అని చెప్తుంది.

2011లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 50 మంది స్థూలకాయులకు పది వారాలు గట్టి పథ్యం పెట్టి బరువు తగ్గించారు. తరువాత రక్తం పరీక్షించి చూస్తే ఆకలి పెంచే గ్రెలిన్ పెరిగింది, చాలుననే హార్మోన్లు తగ్గాయి. ఒక ఏడాది గడిచాక మళ్ళీ పరీక్షించారు. అప్పటికీ అదే పరిస్థితి! అంటే శరీరం తన పాత బరువునే సొంతమనుకొని, పోయిన ఆస్తిని తిరిగి రాబట్టుకోవటానికి ఏడాది తరువాత కూడా వ్యాజ్యం నడుపుతూనే ఉంది. ఆకలి పెరుగుతుంది, ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తి తగ్గుతుంది. కొద్దిపాటి బరువైతే పథ్యం, వ్యాయామాలతో నెగ్గుకు రావచ్చు. తీవ్రమైన స్థూలకాయంలో మాత్రం నూటికి ఏ కొద్దిమందో తప్ప ఎక్కువమంది ఓడిపోతారు. అది సోమరితనమూ కాదు, తిండిపోతుతనమూ కాదు.

శస్త్రచికిత్స పుట్టిన కథ

ఈ శస్త్రచికిత్సను బేరియాట్రిక్ సర్జరీ అంటారు. గ్రీకు భాషలో 'బారోస్' అంటే బరువు. 1954లో అమెరికాలోని మిన్నెసోటాలో క్రెమెన్, లిన్నర్ అనే వైద్యులు చిన్నప్రేగులో చాలా భాగాన్ని పక్కకు తప్పించి, మొదటినీ చివరనూ కలిపేసే పద్ధతిని ప్రకటించారు. తిన్నది ఒంటికి పట్టకుండా పోతుంది గనక బరువు తగ్గుతుంది. తగ్గింది కూడా. కాని ఏళ్ళు గడిచేకొద్దీ రోగుల్లో కాలేయం చెడిపోవటం, మూత్రపిండాల్లో రాళ్ళు, విడవని విరేచనాలు బయటపడ్డాయి. చివరికి ఆ పద్ధతిని వదిలేశారు. బరువు తగ్గటం ఒక్కటే విజయం కాదని వైద్యలోకం నేర్చుకున్న మొదటి పాఠం ఇది.

అయోవా విశ్వవిద్యాలయంలోని డాక్టర్ ఎడ్వర్డ్ మేసన్ మరో దారి చూశాడు. అల్సరు కోసం జీర్ణాశయంలో చాలా భాగం తీసేసిన రోగులు తరువాత లావెక్కటం లేదని గమనించి, 1966లో గాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టాడు. 1990ల నుంచి పొట్టను పొడుగునా కోయకుండా, చిన్న రంధ్రాల ద్వారా కెమెరా పంపి చేసే లాపరోస్కోపీ పద్ధతి వచ్చింది. నొప్పి, ఆసుపత్రిలో ఉండే రోజులు బాగా తగ్గాయి.

ఎలా చేస్తారు?

ఇప్పుడు ఎక్కువగా చేసేవి రెండు రకాలు. మొదటిది స్లీవ్ గాస్ట్రెక్టమీ. మన జీర్ణాశయం తోలుసంచి వంటిది, నిండితే లీటరుకు పైగా పడుతుంది. దానిలో నూటికి 75 నుంచి 80 వంతులు పొడుగునా కోసి తీసేసి, మిగిలినదాన్ని స్టేప్లరుతో మూసేస్తారు. మిగిలేది అరటికాయ ఆకారంలో ఉండే సన్నని గొట్టం. గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం ఈ తీసేసిన దాంట్లోనే పోతుంది గనక ఆకలి కూడా తగ్గుతుంది. తీసేసినది తిరిగి పెట్టటం కుదరదు.

రెండవది గాస్ట్రిక్ బైపాస్. రైతు కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి గనక నాకు ఇది కాలువ లెక్కలోనే అర్థమయింది. మా తీర గ్రామాల్లో చాలా పొలాలు కాలువ చివరివి. పైనున్న తూములన్నీ తడిసిన తరువాతే చివరి ఆయకట్టుకు నీళ్ళొస్తాయి, ఒక్కోసారి రావు కూడా. మన ప్రేగు కూడా అంతే. చిన్నప్రేగు ఆరు మీటర్ల పొడుగు కాలువ. తిన్నది మొదటి మీటరు రెండు మీటర్లలోనే చాలావరకు ఇంకిపోతుంది. "చాలు" అని చెప్పే కణాలేమో చివరి ఆయకట్టులో ఎక్కువ. వాటికి కబురు ఆలస్యంగా అందుతుంది. బైపాస్‌లో జీర్ణాశయం పైన 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని మాత్రమే ఉంచి, ప్రేగును కొంత దూరంలో కోసి, కింది భాగాన్ని పైకి తెచ్చి ఆ సంచికి అతుకుతారు. అంటే పై తూములు తప్పించి నీళ్ళు నేరుగా కిందికి వదిలినట్టు. తిన్న కొద్దిసేపటికే చివరి ఆయకట్టు వాళ్ళు "చాలు చాలు" అని కేకవేస్తారు. జి.యల్.పి.-1 పెరుగుతుంది, క్లోమం నుంచి ఇన్సులిన్ బాగా వస్తుంది, మెదడు తృప్తి పడుతుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ శస్త్రచికిత్సలో కొవ్వును ముట్టుకోరు. కోత కడుపుకు, మార్పు మెదడుకు వెళ్ళే కబుర్లలో. అందుకే లంఖణంలో ఓడిపోయిన మనిషి దీని తరువాత గెలవగలుగుతున్నాడు.

షుగర్ వ్యాధి తగ్గుతుందా?

1995లో అమెరికాలోని నార్త్ కరోలినాకు చెందిన డాక్టర్ వాల్టర్ పోరీస్ 608 మందికి బైపాస్ చేసి, 14 ఏళ్ళ అనుభవాన్ని ప్రకటించాడు. వారిలో షుగర్ ఉన్నవాళ్ళలో నూటికి 80 మందికి పైగా రక్తంలో చక్కెర మామూలు స్థితికి వచ్చింది. అదీ బరువు బాగా తగ్గకముందే, కొన్ని రోజుల్లోనే. షుగర్‌కు మందులే తప్ప కత్తి ఏమిటని వైద్యలోకం నివ్వెరపోయింది.

అయితే తొందరపడి సంబరపడకూడదు. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ వారు 150 మంది షుగర్ రోగులను మూడు గుంపులు చేసి, ఒకరికి మందులు, ఒకరికి మందులతోబాటు బైపాస్, ఒకరికి మందులతోబాటు స్లీవ్ ఇచ్చి ఐదేళ్ళు చూశారు. ఫలితాలు 2017లో వచ్చాయి. మూడు నెలల చక్కెర సగటు 6 శాతం లోపలికి తేవాలన్న గట్టి లక్ష్యాన్ని అందుకున్నవాళ్ళు మందుల గుంపులో నూటికి 5, బైపాస్‌లో 29, స్లీవ్‌లో 23 మంది. శస్త్రచికిత్స మందులకన్నా ఎంతో మేలు. కాని షుగర్ అందరికీ, శాశ్వతంగా పోతుందని చెప్పటం అబద్ధం. వ్యాధి వచ్చి తక్కువ కాలమైనవాళ్ళకు ఫలితం ఎక్కువ. ఇన్సులిన్ మీద ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకు తక్కువ.

మా అత్త అడిగిన ప్రశ్నలు

మా మేనత్తకు నలభై ఆరేళ్ళు. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 91 కిలోలు. బి.యం.ఐ. లెక్కవేస్తే 38. పదేళ్ళుగా షుగరు, మోకాళ్ళ నొప్పులు, రాత్రిళ్ళు గురకతో ఊపిరాడక లేవటం. చూసిన డాక్టరు ఈ ఆపరేషన్ మాట చెప్పాడు. ఇంట్లో పంచాయితీ మొదలయింది. "దేవుడిచ్చిన కడుపు కోయించుకునేదేంది?" అంటుంది అవ్వ. "రెండెకరాలకు పెట్టుబడి ఆగిపోతుందే" అని నాయన ఆలోచన. అత్త మాత్రం నన్ను పక్కకు పిలిచి నాలుగు ప్రశ్నలు అడిగింది. ఆ నాలుగూ ఎవరైనా అడగవలసినవే.

ఒకటి: "నాకంత అవసరమా అబ్బయా?" ఎవరికి చేయాలన్న దానికి 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఒక గీత గీశాయి - బి.యం.ఐ. 40 దాటినా, లేక 35 దాటి షుగర్ వంటి జబ్బులున్నా. 2022లో ప్రపంచంలోని శస్త్రవైద్య సంఘాలు దాన్ని సవరించి, జబ్బులున్నా లేకపోయినా 35 దాటితే చేయవచ్చనీ, షుగర్ వంటి జబ్బులుంటే 30 దాటినా ఆలోచించాలనీ, ఆసియా వాళ్ళకు 27.5 నుంచే చేయవచ్చనీ అన్నాయి. ఏ లెక్కన చూసినా అత్తకు వర్తిస్తుంది. ఐతే వర్తించటం వేరు, వెంటనే చేయించుకోవటం వేరు. ముందుగా ఆహారం, నడక, మందులు సరిగ్గా ప్రయత్నించి ఉండాలి. గుండె, ఊపిరితిత్తులు, థైరాయిడ్, మనసు - అన్నీ పరీక్షించాలి.

రెండు: "కోసినాక మళ్ళీ లావెక్కనా?" దీనికి స్వీడను దేశం జవాబు చెప్పింది. అక్కడ 1987 నుంచి శస్త్రచికిత్స చేయించుకున్న సుమారు రెండు వేల మందినీ, చేయించుకోని అంతే మంది స్థూలకాయులనూ ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు. పదేళ్ళ తరువాత బైపాస్ వాళ్ళు మొదటి బరువులో నూటికి 25 వంతులు తక్కువగా నిలిచారు. అంటే వంద కిలోల మనిషి డెబ్భై ఐదు. ఏడాది రెండేళ్ళలో ఇంకా ఎక్కువ తగ్గి, తరువాత కొంత పెరిగి అక్కడ ఆగుతుంది. తీగలాగా కావటం ప్రకటనల్లోని మాట. 2020లో అదే పరిశీలన మరో సంగతి చెప్పింది. శస్త్రచికిత్స చేయించుకున్నవాళ్ళు చేయించుకోని స్థూలకాయుల కంటే సగటున మూడేళ్ళు ఎక్కువ బతికారు. కాని సాధారణ జనం కంటే ఐదున్నర ఏళ్ళు తక్కువే. మేలు నిజం, మాయ మాత్రం కాదు.

మూడు: "ప్రాణానికి ముప్పుందా?" అమెరికాలో పది ఆసుపత్రుల్లో 4,776 మందిని గమనించి 2009లో ప్రకటించిన లెక్క ప్రకారం నెల రోజుల్లోపల చనిపోయినవాళ్ళు వెయ్యికి ముగ్గురు. అనుభవం ఉన్న చోట్ల ఇప్పుడు ఇంకా తక్కువ. అతుకుల దగ్గర కారటం, రక్తస్రావం, కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు పోవటం - ఇవి మొదటి రోజుల ప్రమాదాలు. బరువు త్వరగా తగ్గటం వల్ల పిత్తాశయంలో రాళ్ళు రావచ్చు. బైపాస్ తరువాత తీపి ఎక్కువ తింటే చెమటలు పట్టి, గుండె దడ వచ్చి, విరేచనాలవుతాయి. మన నెల్లూరు మలైకాజా మీద ఆశ వదులుకోవాలన్న మాట!

నాలుగు: "డబ్బు ఎట్లా?" ప్రైవేటు ఆసుపత్రుల్లో ఖర్చు లక్షల్లోనే ఉంటుంది. ఐతే ఇది డబ్బున్నవాళ్ళకే అన్నది పూర్తిగా నిజం కాదు. 2023లో హైదరాబాదు ఉస్మానియా జనరల్ ఆసుపత్రిలో, అంటే సర్కారు ఆసుపత్రిలో, 240 కిలోల యువకుడికి వైద్యులు ఈ శస్త్రచికిత్స చేసిన వార్త పత్రికల్లో వచ్చింది. ఆరోగ్య బీమా ఉన్నవాళ్ళకు 2019లో బీమా నియంత్రణ సంస్థ తెచ్చిన నిబంధన తెలియాలి. డాక్టరు సలహా మీద చేసే ఈ శస్త్రచికిత్సను బి.యం.ఐ. 40 ఉన్నా, లేక 35 ఉండి అదుపుకాని షుగర్, గుండెజబ్బు, తీవ్రమైన నిద్రలో ఊపిరాడని జబ్బు వంటివి ఉన్నా బరువు పేరు చెప్పి తోసిపుచ్చటానికి వీల్లేదు. వైద్యుల గీత 27.5 దగ్గర, బీమా గీత 35 దగ్గర! మధ్యలో ఉన్నవాళ్ళు సొంత డబ్బే పెట్టుకోవాలి. అందుకని పొలం తాకట్టు పెట్టే ముందు బీమా కాగితాలు చదివించుకోవటం, సర్కారు ఆసుపత్రిలో విచారించటం అవసరం.

అత్త ఇంకా ఆలోచిస్తూనే ఉంది. ఆమె నిర్ణయం ఆమెది. తెలిసి నిర్ణయించుకోవటం ముఖ్యం.

ఇది అది కాదు

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. 2015 జూన్ 6న తెలుగు సినిమా నటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలోని న్యూజెర్సీలో 31 ఏళ్ళ చిన్న వయసులో చనిపోయింది. అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకుందని పత్రికలు రాశాయి. ఆనాటి నుంచి మన ఊళ్ళల్లో బరువు ఆపరేషన్ అంటే అదే అని భయం. లైపోసక్షన్ అంటే చర్మం కింద కొవ్వును గొట్టంతో పీల్చేయటం. అది రూపం కోసం చేసేది, స్థూలకాయానికి చికిత్స కాదు. ఆకలి మారదు, హార్మోన్లు మారవు, షుగర్ తగ్గదు. బేరియాట్రిక్ సర్జరీ జబ్బు కోసం చేసేది. రెండింటినీ కలగాపులగం చేయటం వల్ల అవసరమున్నవాళ్ళు భయపడి ఆగిపోతున్నారు, అవసరం లేనివాళ్ళు అందం కోసం వెళ్ళి పడుతున్నారు. పెళ్ళిచూపుల్లో "పిల్ల కాస్త లావు" అన్నందుకు బి.యం.ఐ. 26 ఉన్న అమ్మాయిని ఆపరేషన్‌కు తీసుకుపోదామనే తల్లిదండ్రులకు చెప్పవలసిన మాట ఒక్కటే - కోత పెళ్ళిచూపుల మందు కాదు.

ఆపరేషన్ ఒక్కరోజు, పాటింపు జీవితాంతం

అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. ఆపరేషన్ తరువాత కొన్ని వారాలు ద్రవపదార్థాలు, తరువాత మెత్తనివి, ఆ తరువాతే మామూలు తిండి. పిడికెడు తిండితోనే కడుపు నిండుతుంది గనక ఆ పిడికెడులో ఏముందన్నది ప్రాణప్రదం. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. మన పళ్ళెంలో ముందు అన్నం, దాని మీద పలచని పప్పు. వీళ్ళు దాన్ని తిరగేయాలి. ముందు గుడ్డు, చేప, గట్టిపప్పు, పెరుగు; తరువాత కూర; చోటు మిగిలితే అన్నం. చేపలకు లోటులేని మన తీరంలో ఇది అసాధ్యమేమీ కాదు. నీళ్ళు తిండితోబాటు తాగకూడదు, మధ్యలో గుక్కగుక్కగా తాగాలి. ఆడవాళ్ళు ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం వాయిదా వేయాలి. బైపాస్ తరువాత సారా, బీరు త్వరగా తలకెక్కుతాయి, అలవాటు ముదిరే ప్రమాదముంది.

ఇనుము, కాల్షియం, డి విటమిన్, బి12, బి1, ఫోలిక్ ఆమ్లం - ఇవి తిండిలోంచి చాలినంత అందవు. మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. ఈ ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు అని గుర్తుచేసుకోవటం మనకు గర్వకారణం. మాత్రలు మానేస్తే ఏమవుతుంది? మొదట ఏమీ కాదు. అదే మోసం. బి12 నిల్వలు కాలేయంలో ఏళ్ళ తరబడి ఉంటాయి. అవి అయిపోయాక కాళ్ళు తిమ్మిర్లెక్కి, నడక తూలుతుంది. వాంతులు ఆగకపోతే బి1 కొన్ని వారాల్లోనే అయిపోయి మెదడు దెబ్బతినవచ్చు.

పల్లెటూరి వాళ్ళకు అసలు ముప్పు ఇదేనని నా అభిప్రాయం. చెన్నైలోనో, హైదరాబాదులోనో ఆపరేషన్ బ్రహ్మాండంగా జరుగుతుంది. మూడో నెల పరీక్షకు పోతారు. ఆరో నెలకు కోతలొస్తాయి, వాయిదా పడుతుంది. ఏడాదికి "బాగానే ఉన్నాం గదా, అంత దూరం ఎందుకు" అంటారు. మాత్రలు అయిపోతాయి, కొనరు. రక్తపరీక్ష లేదు. మూడేళ్ళకు నీరసం, జుట్టు రాలటం, నడుమునొప్పి మొదలైతే ఊరి డాక్టరుకు పాత ఆపరేషన్ సంగతి చెప్పరు, సిగ్గు. ఆపరేషన్ కాగితాలు ఇంట్లో భద్రంగా పెట్టుకొని, ఏ డాక్టరు దగ్గరికి పోయినా మొదట అవి చూపించటం ఎంతో అవసరం.

మందులు వచ్చాయి గదా?

వచ్చాయి. చివరి ఆయకట్టు హార్మోను జి.యల్.పి.-1ను పోలిన సూదిమందులు తయారయ్యాయి. సెమాగ్లూటైడ్‌తో పదహారు నెలల్లో సగటున నూటికి 15 వంతుల బరువు తగ్గిందని 2021లో, టిర్జెపటైడ్ పెద్ద మోతాదుతో సుమారు 21 వంతులు తగ్గిందని 2022లో పరిశోధనలు చెప్పాయి. బరువు తగ్గించేందుకు ఇవి 2025లో మన దేశపు అంగళ్ళలోకి వచ్చాయి. కత్తి లేకుండా శస్త్రచికిత్సకు దగ్గరి ఫలితం ఇవ్వటం గొప్ప సంగతే. కాని ఆపితే బరువు చాలావరకు తిరిగి వస్తుంది. డాక్టరు చీటీ లేకుండా అంగట్లో కొని పొడుచుకునేవి కావు ఇవి. ఎవరికి మందు, ఎవరికి కత్తి అన్నది వైద్యుడు తేల్చాలి. ఇవి రెండూ ఒకే పాఠం చెప్తున్నాయి. స్థూలకాయం మనోబలం లేక వచ్చిన లోపం కాదు, ఒంట్లోని కబుర్ల వ్యవస్థ అదుపుతప్పిన జబ్బు.

మనం చేయవలసినది

లక్షలాది స్థూలకాయులకు శస్త్రచికిత్స చేసి దేశాన్ని సన్నబరచటం ఎవరివల్లా కాదు. తూము తెగినచోట ఇసుక బస్తాలు వేయటం అవసరమే. కాని చెరువు కట్ట మీద కూడా కన్నుండాలి. పిల్లలకు ఆటస్థలం, బడి భోజనంలో గుడ్డూ పప్పూ, పళ్ళెంలో మళ్ళీ రాగీ జొన్నా, పనిలేని రోజున నాలుగు మైళ్ళ నడక - ఇది కట్ట పని. ఇది ప్రభుత్వం ఒక్కటే చేసేది కాదు, ఇంటింటా జరగవలసినది.

విద్యార్థులుగా మనం ఈ రోజే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక టేపూ, తూకం యంత్రమూ తీసుకొని ఇంట్లోవాళ్ళ నడుమూ బరువూ కొలిచి, లెక్కకట్టి చెప్పవచ్చు. నడుము కొలత దాటినవాళ్ళను చక్కెర పరీక్షకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోవచ్చు. బి.యం.ఐ. 35 దాటి జబ్బులతో బాధపడేవాళ్ళుంటే, శస్త్రచికిత్స అనేది ఒకటుందనీ, దానికి లాభమెంతో నష్టమెంతో తెలిపే లెక్కలున్నాయనీ చెప్పవచ్చు. చేయించుకున్నవాళ్ళుంటే ఏడాదికొకసారి రక్తపరీక్షకు గుర్తుచేయవచ్చు. వీటన్నిటికన్నా ముందు, మన హాస్టలు గదుల్లో లావుగా ఉన్న మిత్రుణ్ణి "డ్రమ్ము" అనీ "గున్న" అనీ పిలవటం ఈ సంవత్సరంతో ఆపేద్దాం. జబ్బుతో ఉన్నవాణ్ణి చూసి నవ్వటం మన చదువుకు తగదు.